పుండులో పురుగులు: కుక్కలకు జరుగుతున్న వైద్యం, జరగాల్సిన వైద్యం

తొలకరి దాటి వానలు ముదిరేసరికి పశువుల ఆసుపత్రులకు ఒకే రకం కుక్కలు వరసగా వస్తాయి. చెవి వెనకో, తోక మొదట్లోనో, కాలివేళ్ల సందునో, మెడపట్టీ కిందో పుండు ఉంటుంది. దగ్గరికి వెళ్లకముందే వాసన తెలుస్తుంది. బొచ్చు పక్కకు తీస్తే లోపల తెల్లటి పురుగులు తలకిందులుగా దిగి కదులుతుంటాయి. కుక్కను తెచ్చిన మనిషి అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "పురుగులు చచ్చే మందేదైనా పొయ్యండి డాక్టరుగారూ."

ఆ మాట సహజమే. కంటికి కనబడే శత్రువు పురుగే కదా. అయితే పురుగు చావడం చికిత్సలో ఒక భాగం మాత్రమే. చచ్చినవాటినీ బతికున్నవాటినీ చివరిదాకా బయటికి తీయాలి. ఆపైన, అసలు ఆ చోటికి ఈగ ఎందుకు వచ్చిందో కనిపెట్టి ఆ మూలానికి వైద్యం చేయాలి. మొదటి పనికి మన దగ్గర మందులకు కొదవ లేదు. రెండోది సగమే జరుగుతోంది. మూడోది చాలాసార్లు ఎవరికీ గుర్తే రావడం లేదు. పురుగులు తీయించుకున్న కుక్క వారం తిరక్కుండా మళ్లీ అదే పుండుతో రావడానికి కారణం మందు బలం తగ్గడం కాదు, ఈ రెండు పనులు మిగిలిపోవడం.

ఈగ పిల్లపురుగులు బతికున్న జంతువు ఒంట్లో పెరగడాన్ని వైద్యశాస్త్రంలో మయాసిస్ అంటారు. 1840లో ఇంగ్లండ్ కీటక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ విలియం హోప్ పెట్టిన పేరు అది. ఈ పని చేసే ఈగలు చాలా ఉన్నాయి గానీ, మన దేశంలో కుక్కల గాయాల్లో ముఖ్యంగా దొరికేది క్రైసోమియా బెజియానా. పాత ప్రపంచపు స్క్రూవర్మ్ అని దీనికి వ్యవహారం. నీలం, ఆకుపచ్చ కలిసి మెరిసే ఒళ్లు దీనిది. పెంటకుప్పల మీద ముసిరే మెరుపు ఈగలకూ దీనికీ పైకి పెద్ద తేడా కనిపించదు. ప్రవర్తనలో మాత్రం ఎంతో తేడా ఉంది. మామూలు ఈగలు చచ్చిన మాంసం మీద, చెత్త మీద గుడ్లు పెడతాయి. ఇది బతికున్న జంతువు మీదే పెడుతుంది. దీని పురుగులు ఆరోగ్యంగా ఉన్న కండనే తింటూ లోపలికి తొలుచుకుపోతాయి.

ఈ ఈగ జీవితచక్రం తెలిస్తే చికిత్స క్రమం దానంతటదే అర్థమవుతుంది. ఆడ ఈగ గాయం అంచున ఒక్కసారిగా 150 నుంచి 200 దాకా గుడ్లు గట్టిగా అతికిస్తుంది. పిడుదు కుట్టిన చిన్న రంధ్రం చాలు, దానికి పెద్ద గాయం అక్కర్లేదు. గుడ్లు 12 నుంచి 24 గంటల్లో పగులుతాయి. పురుగులు వెనకవైపున్న శ్వాసరంధ్రాలను గాలికి వదిలి, తలను మాంసంలోకి దించి, ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి తింటాయి. ఒంటి చుట్టూ పట్టీలుగా ఉన్న ముళ్లు వాటిని లోపలికి జారనిస్తాయి గానీ బయటికి లాగితే పట్టుకుంటాయి. ఐదు నుంచి ఏడు రోజుల్లో ఎదిగి నేల మీద రాలి, మట్టిలోకి దూరి ప్యూపాలవుతాయి. మన వేడికి వారం పదిరోజుల్లో కొత్త ఈగలు లేస్తాయి. ఈలోపు పుండు నుంచి కారే రసి, దాని వాసన మరిన్ని ఆడ ఈగలను పిలుస్తాయి. అందుకే ఒకే పుండులో గోరుచివరంత పురుగులు, బియ్యపుగింజంతవి, అప్పుడే పగిలిన సన్నటివి కలిసి కనబడతాయి. ఈరోజు కంటికి కనిపించేవన్నీ తీసినా రేపటికి పగిలే గుడ్లు అంచున మిగిలే ఉండొచ్చు. మర్నాడూ మూడోరోజూ మళ్లీ చూడటం ఎందుకు తప్పదో చెప్పడానికి ఇంతకన్నా వేరే వాదన అవసరం లేదు.

ఇక్కడ ఒక అపోహను పక్కకు తీయాలి. "పురుగులు కుళ్లును తినేస్తాయి, పుండు శుభ్రపడుతుంది, వాటిని కదపొద్దు" అనే మాట అప్పుడప్పుడు చదువుకున్నవాళ్ల నోటా వస్తుంది. దానికి మూలం లేకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో పురుగులు పట్టిన సైనికుల గాయాలు శుభ్రంగా ఉండటం గమనించిన అమెరికా శస్త్రవైద్యుడు విలియం బేర్ ఆ తర్వాత పురుగులతోనే గాయాలకు చికిత్స చేశాడు. ఆయన ఫలితాలు 1931లో అచ్చయ్యాయి. 2004లో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఆ పద్ధతికి అనుమతి కూడా ఇచ్చింది. కానీ ఆ వైద్యంలో వాడేది లుసీలియా సెరికాటా అనే వేరే ఈగ. దాన్ని ప్రయోగశాలలో సూక్ష్మజీవులు లేకుండా పెంచి, లెక్కపెట్టి పెట్టి, గడువుకు తీసేస్తారు. వీధికుక్క మెడలో దిగిన క్రైసోమియా తినేది కుళ్లిన కండను కాదు, బతికున్న కండను. చెవి వెనక మొదలై పుర్రె ఎముక దాకా, కంటిగూటి దాకా పోగలదు. దాన్ని అలా వదిలేయడం కుక్కను వదిలేయడమే.

ఇతర ఖండాల్లో ఈగలు వేరు, పద్ధతులూ వేరు. ఆఫ్రికాలో టుంబు ఈగకు కుక్కే ప్రధాన ఆశ్రయం. అక్కడ ఒక్కో పురుగు ఒక్కో కురుపులో ఉంటుంది. రంధ్రాన్ని వాజలీన్‌తో మూసి, గాలి కోసం పురుగు పైకి వచ్చాక నెమ్మదిగా నొక్కి తీస్తారు. ఉత్తర అమెరికాలోని క్యూటరీబ్రా పురుగును మాత్రం నొక్కకూడదంటారు, లోపల చితికితే ఒళ్లు తీవ్రంగా ఎదురు తిరిగే ప్రమాదం ఉంది. అక్కడ రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి పురుగును చితక్కుండా తీస్తారు. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు అక్కడి కుక్కకు ఇక్కడి చిట్కా ప్రయోగించకపోవడం మంచిది. మన సమస్య ఒకే పుండులో పదుల వందల పురుగులు దిగే రకం. ఇక్కడినుంచి చెప్పేదంతా దాని గురించే.

ఇంటి మందుల లెక్క

మన ఊళ్లలో పురుగుల పుండుకు వాడని పదార్థం లేదనిపిస్తుంది. ఫినాయిలు, కిరసనాయిలు, పెట్రోలు, కలరా ఉండల పొడి, ముద్దకర్పూరం కలిపిన కొబ్బరినూనె, సున్నంతో నలిపిన పొగాకు, వేపనూనె, సీతాఫలం ఆకు పసరు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి మూఢనమ్మకాలని కొట్టేయడం అన్యాయం. పశువులతో బతికిన తరాలు చూసి నేర్చుకున్నవి ఇందులో ఉన్నాయి. అలాగని అన్నిటినీ సంప్రదాయం పేరుతో నెత్తికెత్తుకోవడమూ కుదరదు. ఒక్కోదాన్నీ విడిగా తూచాలి.

సీతాఫలం ఆకుకు నిజంగానే గుణం ఉంది. ఆ చెట్టు ఆకుల్లో, గింజల్లో ఉండే అసిటోజెనిన్లు అనే పదార్థాలు పురుగు కణాల్లో శక్తి పుట్టే ప్రక్రియను ఆపేస్తాయి. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో ఎద్దు మూపురం మీది పుండుకు ఈ ఆకును నూరి కట్టడం పాత అలవాటు. డాక్టరు అందని చోట, పైపై పుండుకు, మొదటి గంటల్లో ఇది ఫినాయిలు కన్నా వెయ్యి రెట్లు నయం. గింజల పొడి జోలికి మాత్రం పోకూడదు, అది కంట్లో పడితే కంటిపొర దెబ్బతింటుంది. ఆకు కట్టినా లోపలి పురుగులు తీయాల్సిన పని తప్పదు. వేపనూనె పురుగును చంపడంలో నెమ్మది. పుండు చుట్టూ రాస్తే కొత్త ఈగను వాలనివ్వకుండా కొంత ఆపుతుంది, దాని చోటు అదే.

మిగతావాటి గురించి మెత్తగా చెప్పడం నావల్ల కాదు. కిరసనాయిలు, పెట్రోలు పచ్చి మాంసాన్ని కాలుస్తాయి. కుక్క ఆ చోటును నాకితే అవి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు. ఫినాయిలులోని ఫినాల్ జాతి రసాయనాలు తెగిన చర్మం గుండా రక్తంలోకి చేరి కాలేయాన్ని, కిడ్నీలను దెబ్బతీస్తాయి. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. పురుగుల వల్ల ముందే రక్తం తగ్గిన కుక్కకు అది రెండో దెబ్బ. కర్పూరం నాకితే మూర్ఛలు రావచ్చు. పొగాకులోని నికోటిన్ సంగతి చెప్పక్కర్లేదు. ఇవి పోసినవాళ్లంతా దయతోనే పోస్తారు, కుక్క బతకాలనే పోస్తారు. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలి: నొప్పితో ఉన్న జీవికి ఇవి ఇంకో గాయం.

ఆసుపత్రుల్లోనూ ఇళ్లలోనూ ఇప్పటికీ ఎక్కువగా కనబడేది టర్పెంటైన్ నూనె. గాజుగుడ్డను అందులో తడిపి పుండులో కూరితే, కొద్ది నిమిషాల్లో పురుగులు ఊపిరాడక, మంటకు తాళలేక బయటికి వస్తాయి. పట్టకారుతో ఏరేయొచ్చు. చవక, త్వరగా పని చేస్తుంది, ఎక్కడైనా దొరుకుతుంది. తరాల పశువైద్యులు దీనితో లెక్కలేనన్ని పశువుల ప్రాణాలు కాపాడారు. కానీ పురుగుకు మంట పుట్టించేది కుక్క కండకూ మంటే. పుండు అంచున కొత్తగా పుడుతున్న కణజాలం దీనితో మాడుతుంది, మానడం ఆలస్యమవుతుంది. కంటి దగ్గర, కర్ణభేరి చిల్లుపడి ఉండే అవకాశమున్న చెవి లోపల, నోట్లో, జననాంగాల దగ్గర దీన్ని వాడకూడదు. నోటి మాత్రలు దొరుకుతున్న ఈ రోజుల్లో కుక్కకు టర్పెంటైన్ మొదటి మందుగా ఉండాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. ఏ మందూ అందని చోట, డాక్టరు చేతిలో, కొద్ది నిమిషాల పాటు వాడి సెలైన్‌తో పూర్తిగా కడిగేసే సాధనంగా ఉంటే సరిపోతుంది.

ఒకప్పుడు పురుగుల పుండ్ల పూతమందుల్లో లిండేన్ ఉండేది. పర్యావరణంలో ఏళ్ల తరబడి నిలిచిపోయే విషమని 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం దాన్ని తొలగించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చింది. ఇంట్లో పాత డబ్బా ఎక్కడైనా మిగిలి ఉంటే వాడొద్దు. పెర్మెత్రిన్ ఉన్న స్ప్రేలు కుక్కకు పనికొచ్చినా, అదే ఇంట్లో పిల్లి ఉంటే దాని ప్రాణం మీదికి వస్తుంది.

సూదిమందు: ఐవర్‌మెక్టిన్

జపాన్‌లో ఇతో పట్టణం దగ్గర గోల్ఫ్ మైదానం పక్క మట్టిలో సతోషి ఒమురా పట్టుకున్న సూక్ష్మజీవి నుంచి ఈ మందు పుట్టింది. ఆయనకూ విలియం క్యాంప్‌బెల్‌కూ 2015లో నోబెల్ వచ్చింది. గొర్రెలు, మేకలు, పశువుల వైద్యంలో ఇది తెచ్చిన మేలు అపారం. పురుగుల పుండుతో వచ్చిన కుక్కకు చర్మం కింద ఐవర్‌మెక్టిన్ సూది వేయడం మన దగ్గర దాదాపు అలవాటుగా మారింది. కుక్కకు కిలో బరువుకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాముల మోతాదు డాక్టర్లు వాడుతున్నారు.

అభ్యంతరాలు మూడు. ఒకటి, వేగం. అప్పుడే పగిలిన పురుగుల మీద ఇది బాగా పని చేస్తుంది గానీ, ముదిరి పోషణ పూర్తి కావచ్చిన పెద్ద పురుగుల మీద నెమ్మది. కండను తొలిచేస్తున్నది ఆ పెద్దవే. సూది వేసి పంపేసి "రేపటికి రాలిపోతాయి" అనడంలో ఆ రాత్రంతా కుక్క పడే బాధ లెక్కలోకి రాదు.

రెండోది జాతి. మందును మెదడులోకి పోనీయకుండా బయటికి నెట్టే ఒక ప్రొటీన్ కొన్ని కుక్కల్లో పనిచేయదు. ఎండీఆర్1 అనే జన్యువులో నాలుగు అక్షరాల లోపమే దీనికి కారణమని 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కాట్రినా మీలీ బృందం తేల్చింది. కోలీలలో ఈ లోపం చాలా ఎక్కువ. ఆస్ట్రేలియన్ షెపర్డ్, షెట్లాండ్ షీప్‌డాగ్‌లలో, కొంతమేరకు జర్మన్ షెపర్డ్‌లలోనూ ఉంది. అలాంటి కుక్కకు మామూలు మోతాదే విషం: చొంగ కారడం, కనుపాపలు విచ్చుకోవడం, చూపు పోవడం, తూలడం, చివరికి స్పృహ తప్పడం. దీనికి నేరుగా విరుగుడు లేదు, రోజుల తరబడి కాపాడుకోవడమే. ఊరకుక్కలకు సాధారణంగా ఈ భయం తక్కువ. కానీ నగరాల్లో వదిలేసిన జాతి కుక్కలూ వాటి సంకరాలూ వీధుల్లో కలిసిపోయాయి, చూడగానే పోల్చలేం.

మూడోది, అన్నిటికన్నా తరచుగా జరిగేది, కొలత తప్పడం. పశువుల కోసం తయారైన ద్రావణం ఒక శాతం బలంతో ఉంటుంది, అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. పది కిలోల కుక్కకు కిలోకి 0.2 మిల్లీగ్రాముల చొప్పున కావలసింది 2 మిల్లీగ్రాములు, అంటే 0.2 మిల్లీలీటరు. సిరంజి మీద ఒక చుక్క గీత. "రెండు" అని చెవిన పడ్డ మాటను రెండు మిల్లీలీటర్లు అనుకుంటే పది రెట్లు పోతుంది. కోవిడ్ రోజుల్లో కొనిపెట్టుకున్న 12 మిల్లీగ్రాముల మనుషుల మాత్రలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిలో ఒక్కటి చిన్న కుక్కకు ప్రమాదకరం. ఫ్లీలనే చిన్న కీటకాల కోసం స్పైనోసాడ్ మాత్ర తిన్న కుక్కకు ఎక్కువ మోతాదు ఐవర్‌మెక్టిన్ ఇస్తే విషలక్షణాలు రావచ్చు. కుక్కను తూచి, జాతి అడిగి, ఈ మధ్య ఏ మందులు వేశారో అడిగి, చిన్న సిరంజితో డాక్టరే వేస్తే ఈ మందుకు ఇప్పటికీ చోటుంది. వాట్సాప్ సలహాతో వేసే సూదిగా దీనికి చోటు లేదు.

మాత్రతో వచ్చిన మార్పు

గత పాతికేళ్లలో ఈ చికిత్సలో వచ్చిన పెద్ద మార్పు నోటి మాత్రలు. మొదట నైటెన్‌పైరమ్ వచ్చింది. ఫ్లీల కోసం కిలోకి కనీసం ఒక మిల్లీగ్రాము లెక్కన తయారైన మాత్ర ఇది. మింగిన అరగంటలో పని మొదలుపెడుతుంది. కీటకాల నాడుల మీద బలంగా, పాలిచ్చే జంతువుల మీద చాలా తక్కువగా పని చేసే రకం. బ్రెజిల్‌లో కొత్త ప్రపంచపు స్క్రూవర్మ్ పట్టిన కుక్కలకు దీన్ని ఇచ్చి చూస్తే పురుగులు గంటల్లోనే చచ్చిపోయాయి, చాలావరకు పుండులోంచి రాలిపడ్డాయి. ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోవడం దీని బలమూ బలహీనతా. మర్నాడు కొత్త గుడ్లు పగిలితే మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది.

తర్వాత వచ్చినవి ఐసోక్సజోలిన్లు: అఫాక్సొలనర్, ఫ్లురలనర్, లొటిలనర్, సరొలనర్. ఇవి నెలపాటు, ఫ్లురలనర్ అయితే దాదాపు మూడు నెలలు, పిడుదులనూ ఫ్లీలనూ ఆపడానికి వచ్చిన మందులు. పుండును కొరికే పురుగు కుక్క రక్తరసాన్ని తింటుంది కాబట్టి మందు దానికీ చేరుతుంది. బ్రెజిల్ పశువైద్యులు ఈ మందులతోనూ కుక్కల మీద పరీక్షలు చేసి, ఒక రోజులోపే పురుగులు చావడం చూశారు. వాళ్లు చూసింది మన ఈగను కాదు, కొత్త ప్రపంచపు స్క్రూవర్మ్ అయిన కోక్లియోమియా హోమినివోరాక్స్ అనే మరో జాతిని. కానీ రెండూ ఒకే తీరుగా బతుకుతాయి, మందు పట్టుకునే నాడీ ద్వారాలు రెండింటిలోనూ ఒకే రకం. ఆ ఫలితాలను మన దగ్గర అన్వయించుకోవడం సమంజసమే.

వీధికుక్క విషయంలో ఈ మాత్ర విలువ ఇంకా ఎక్కువ. పట్టుకోబోతే కరుస్తుంది, వల వేస్తే పారిపోయి రెండు వీధుల అవతల తేలుతుంది. అలాంటి కుక్కకు టర్పెంటైన్ గుడ్డ ఎవరు పెడతారు? కోడి కార్జం ముక్కలో, పెరుగన్నంలో కలిపిన మాత్రను అది తనంతట తాను తింటుంది. మర్నాటికి పురుగులు చచ్చి, నొప్పి కొంత తగ్గి, కుక్క కాస్త స్థిమితపడుతుంది. అప్పుడు పట్టుకుని పుండు కడగడం తేలిక. మాత్ర వేసి ఊరుకుంటే మాత్రం సగం పనే అయినట్టు. చచ్చిన పురుగులు లోపలే మిగిలితే అవే కుళ్లి చీము పడుతుంది.

మన దగ్గర ఈ మాత్రల అట్టపెట్టె మీద పురుగుల పుండు పేరు సాధారణంగా ఉండదు గనక, పురుగుల పుండుకు ఇవ్వడం డాక్టరు తన విచక్షణతో చేసే పని. మూర్ఛలు ఉన్న కుక్కల విషయంలో జాగ్రత్త అవసరం. ఈ మందులతో కొన్ని కుక్కలకు వణుకు, ఫిట్లు రావచ్చని 2018లో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించింది. గుక్కెడు కూడా మింగలేక నేలకరిచిన కుక్కకు మాత్ర అక్కరకు రాదు. అక్కడ సెలైన్, సూదిమందులే దారి.

చేతితో చేసే పని

ఏ మందు వాడినా చివరికి చెయ్యి పెట్టక తప్పదు. ఈ భాగం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కుక్క బతుకు తేలేది ఇక్కడే.

ముందు పుండు వైపు కాదు, కుక్క వైపు చూడాలి. చిగుళ్లు పాలిపోయాయా, ఒళ్లు చల్లబడిందా లేక జ్వరంతో కాలుతోందా, ఎంత ఎండిపోయింది, నిలబడగలదా. లోతైన పురుగుల పుండుతో రెండుమూడు రోజులు తిరిగిన కుక్క రక్తంలో క్రిముల విషం చేరి షాక్‌లో ఉండొచ్చు. దానికి మొదట సెలైన్, వెచ్చదనం, అవసరమైతే గ్లూకోజు. ఆ స్థితిలో జైలజీన్ లాంటి మత్తు సూది వేస్తే రక్తపోటు పడిపోయి బల్ల మీదే పోవచ్చు. నొప్పికి డాక్టరు లెక్కకట్టి ఇచ్చే మందే ఇవ్వాలి. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపుకూ కిడ్నీలకూ హాని చేస్తాయి. మెలాక్సికామ్ కుక్కలకు వాడదగ్గదే, కానీ ఒంట్లో నీరు లేని కుక్కకు అదీ నీళ్లెక్కించాకే.

తర్వాత బొచ్చు తీయడం. పుండు కనబడేంత మేర కాదు, దాని చుట్టూ అరచేతి వెడల్పున. పైకి రూపాయంత రంధ్రం ఉండి, చర్మం కింద నాలుగు దిక్కులకూ సొరంగాలుండటం ఇక్కడ మామూలే. గోరువెచ్చని సెలైన్‌తో, అది లేకపోతే శుభ్రమైన తాగునీటితో, ఒత్తిడిగా చాలాసేపు కడగాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగకు పురుగులు పైకి వస్తాయని చాలామంది పదేపదే పోస్తారు. ఒక్కసారి మొదట పోస్తే పోయొచ్చు గానీ, రోజూ పోస్తే మానుతున్న కణాలూ మాడతాయి. మొద్దుమూతి పట్టకారుతో పురుగులను వెనక కొస దగ్గర పట్టి, చితక్కుండా ఒక్కొక్కటిగా తీయాలి. వేలితో, మొండి సాధనంతో ప్రతి సొరంగం చివరిదాకా వెతకాలి. వెలుతురు పడితే పురుగులు ఇంకా లోపలికి ముడుచుకుంటాయి గనక, అంతా అయిపోయిందనుకున్నాక కొద్ది నిమిషాలు ఆగి మళ్లీ చూడటం మంచి పద్ధతి. చచ్చిన కండను డాక్టరు కత్తిరిస్తాడు. ఈ దశలో పుండును కుట్టేయకూడదు, లోపలి నుంచి పైకి మాననివ్వాలి.

తీసిన పురుగులను నేల మీద పారేస్తే అవి మట్టిలోకి దూరి ఈగలై వస్తాయి. వాటిని మరిగిన నీళ్లలోనో స్పిరిట్‌లోనో వేయాలి. చాలా చోట్ల ఈ చిన్న పని జరగదు.

కడిగాక పుండులో పలుచన చేసిన పొవిడోన్ అయోడిన్, ఆపైన తేనె లేదా చక్కెర పట్టు. తేనె, చక్కెర చిట్కాలు కావు, వాటి గాఢతే పుండులోని నీటిని లాగి క్రిములను పెరగనివ్వదు. అనుభవమున్న గాయాల వైద్యులు ఇప్పటికీ వాడతారు. కట్టు కట్టగలిగే చోట కట్టాలి, మెడ చుట్టూ మాత్రం బిగుతు లేకుండా. ఈగలను తరిమే మందును పుండు చుట్టూ రాయాలి, పుండులో కాదు. కుక్క నాకకుండా మెడకు కోన్ తొడగాలి. యాంటీబయాటిక్ ఏది, ఎన్నాళ్లు అన్నది డాక్టరు నిర్ణయం. పైపై పుండు శుభ్రపడితే అసలు అవసరమే పడకపోవచ్చు. ఆపైన మర్నాడు, మూడోరోజు కట్టు విప్పి చూడటం. మూడోరోజు పుండు లోపల ఎర్రగా, తడిగా, పురుగు లేకుండా కనిపిస్తేనే చికిత్స దారిన పడినట్టు.

ఇదంతా చేసే మనిషికీ ప్రమాదముంది. ఈ ఈగ మనిషి గాయాల్లో, ముక్కుల్లో కూడా గుడ్లు పెట్టగలదు, కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి. అంతకన్నా పెద్ద భయం రేబిస్. నోట్లో పురుగులున్న కుక్క చొంగ కారుస్తుంది, మింగలేదు, చిరాకుపడుతుంది, రేబిస్ కుక్కా అంతే. తేడా తేలేదాకా వేలు నోట్లో పెట్టకూడదు. కరిస్తే, గోరు గీరినా, సబ్బుతో ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. వీధికుక్కల సేవలో ఉన్నవాళ్లు ముందుగానే రేబిస్ టీకా వేయించుకుని ఉండటం మేలు.

ఈగ ఎందుకు వచ్చింది?

పురుగు పడ్డ ప్రతి చోటా ముందు ఒక గాయం, ఒక తడి, ఒక వాసన ఉన్నాయి. మగ కుక్క జననాంగం దగ్గరో ఆడ కుక్క వెనకో పురుగులు పడితే, కడిగాక లోపల కాలిఫ్లవర్ లాంటి గడ్డ ఉందేమో చూడాలి. జతకట్టడం ద్వారా ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునే ఆ కాన్సర్ మన వీధుల్లో మామూలు. పురుగులు తీసి పంపేస్తే గడ్డ నుంచి రక్తం కారుతూనే ఉంటుంది, ఈగ మళ్లీ వస్తుంది. వారానికోసారి రక్తనాళంలోకి విన్‌క్రిస్టిన్ ఎక్కిస్తే కొద్ది వారాల్లో ఈ గడ్డ చాలా కుక్కల్లో పూర్తిగా కరిగిపోతుంది. మందు నాళం బయటికి చిందితే కండ చచ్చిపోతుంది కాబట్టి ఇది నిపుణుల చేతి పని. పురుగుల కోసం తెచ్చిన కుక్కకు ఈ గడ్డను గుర్తించి చికిత్స మొదలుపెట్టిన డాక్టరు ఒక పుండును కాదు, ఒక జీవితాన్ని బాగుచేసినట్టు.

చెవి లోపల పురుగులుంటే అంతకుముందు నుంచీ కారుతున్న చెవి ఉంటుంది. మెడ చుట్టూ ఉంటే, పిల్లగా ఉన్నప్పుడు ఎవరో కట్టి మరిచిన తాడు చర్మంలోకి దిగి ఉంటుంది. తోక కింద ఉంటే విరేచనాలతో అట్టకట్టిన బొచ్చు ఉంటుంది. షిట్జూ, లాసా, పొమెరేనియన్, గోల్డెన్ రిట్రీవర్ పెంచే ఇళ్లలో ఇదే ఎక్కువ. వెనక కాళ్లు చచ్చుబడ్డ కుక్క, లేవలేని ముసలి కుక్క రోజులో రెండుసార్లు శుభ్రం చేస్తేనే క్షేమం. నిలువు చెవుల కుక్కలకు చెవి కొసలను కుట్టే ఈగలు రక్తపు పెంకులు కట్టిస్తాయి, వానాకాలంలో అవే పురుగులకు ద్వారాలు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించీ ఒక మాట. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ అయిన వీధికుక్కకు గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. కోత మానకముందే వదిలితే కడుపు కుట్లూ చెవి కొసా రెండూ ఈగకు దొరుకుతాయి. ఆపరేషన్ల సంఖ్యను లెక్కించే అధికారులు, తిరిగి వదిలాక పురుగులతో వెనక్కి వచ్చిన కుక్కల సంఖ్యను కూడా అడగాలి. మరోవైపు, ఆపరేషన్ వల్ల జతకట్టే కాలపు కొట్లాటలు, వాటి గాయాలు తగ్గుతాయి. కాన్సర్ గడ్డలూ తగ్గుతాయి. దీర్ఘకాలంలో పురుగుల పుండ్లను తగ్గించే పెద్ద పని అదే.

ఈగనే లేకుండా చేయవచ్చా? కొత్త ప్రపంచపు స్క్రూవర్మ్ విషయంలో మనుషులు ఆ పని చేశారు. ఎడ్వర్డ్ నిప్లింగ్, రేమండ్ బుష్‌లాండ్ ఆడ ఈగ సాధారణంగా ఒక్కసారే జతకడుతుందన్న సంగతిని పట్టుకుని, రేడియేషన్‌తో గొడ్డుబోయిన మగ ఈగలను కోట్ల సంఖ్యలో వదిలే పద్ధతి కనిపెట్టారు. 1954లో కురసావో ద్వీపంలో ఫలించింది, 1966లో అమెరికా తన నేల మీద ఈగ పోయిందని ప్రకటించింది, 1988లో లిబియాలో దూరినదాన్ని కూడా ఇలాగే తుడిచేశారు. కానీ 2023 నుంచి పనామాలో అది మళ్లీ పెరిగి, మధ్య అమెరికా అంతా ఎక్కి, 2024 నవంబరులో మెక్సికో చేరింది. గెలిచిన చోట కూడా కాపలా తీయకూడదని అర్థం. మన క్రైసోమియా మీద 1990ల్లో మలేషియాలో ఆస్ట్రేలియా సాయంతో ప్రయోగాత్మకంగా ఇలాంటి ఈగల పెంపకం సాగింది. ఇంత విశాలమైన దేశంలో, ఇన్ని పశువుల మధ్య అది దగ్గర్లో జరిగే పని కాదు. కాబట్టి ఒక్కో కుక్క, ఒక్కో పుండు దగ్గరే మన శ్రమ.

ఆ శ్రమ తేలిక కావడానికి రెండు పనులు మన పశువైద్య విశ్వవిద్యాలయాల చేతిలో ఉన్నాయి. తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో బోధనాసుపత్రులకు వానాకాలమంతా పురుగుల కుక్కలు వస్తాయి. ఐసోక్సజోలిన్లను మన ఈగ పట్టిన మన కుక్కల మీద సరైన పోలికతో, అంటే మాత్ర ఇచ్చిన కుక్కలు ఒకవైపు, ఐవర్‌మెక్టిన్ ఇచ్చినవి ఒకవైపు పెట్టి, 6 గంటలకు, 24 గంటలకు, మూడోరోజుకు లెక్కపెట్టి ప్రచురించాలి. అప్పుడు బ్రెజిల్ ఫలితాల మీద ఆధారపడి రాయాల్సిన అవసరం ఉండదు. రెండోది ఇంకా చిన్నది: తీసిన పురుగుల్లో నాలుగైదింటిని వేడినీటిలో చంపి స్పిరిట్ సీసాలో భద్రపరిచి, తేదీ, ఊరు రాసిపెట్టడం. స్క్రూవర్మ్ ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్న జబ్బు. ఏ జిల్లాలో ఏ ఈగ ఏ నెలలో ఎక్కువ అన్నది ఆ సీసాలే చెబుతాయి. ఏ నెలలో మాత్రలు ముందుగా తెప్పించి పెట్టుకోవాలో పశువుల ఆసుపత్రికి, వీధికుక్కలకు అన్నం పెట్టే అక్కలకూ అన్నలకూ అప్పుడు తెలుస్తుంది.